చేతి అలవాటు

హనుమండ్లు పొద్దున్నే కార్ఖానా షట్టర్ ఎత్తి, దేవుడి పటానికి అగరుబత్తి ముట్టించి, ఆ తర్వాత చేసే మొదటి పని నవత పాట పెట్టడం. కిటికీలో అరచేతంత స్పీకర్ ఒకటి ఉండేది. అది పాడడం మొదలుపెట్టాకే అతనికి తెల్లవారినట్టు లెక్క. మెట్‌పల్లి రోడ్డును ఆనుకుని ఉన్న ఆ ఊళ్లో బీడీలు చెయ్యని ఇల్లు వెతికినా దొరకదు. తొమ్మిది కొట్టేసరికి ఆడవాళ్లు చాటల్లో బీడీ కట్టలు పెట్టుకుని, మీద తడిగుడ్డ కప్పుకుని వచ్చి, కిటికీ ముందు వరస కట్టేవాళ్లు. లోపల బల్ల వెనక హనుమండ్లు కూర్చునేవాడు. వాళ్లు తెచ్చిన బీడీలు చూసి, మంచివి ఒక పక్కకు పెట్టి, బాగా లేనివి తెంపి డబ్బాలో పడెయ్యడం అతని ఉద్యోగం.

ఆ తెంపడం చూడాల్సిందే. కట్టను ఎడమ చేతిలోకి తీసుకుని బొటనవేలితో మూతులన్నీ ఒక్కసారి నిమిరేవాడు. మెత్తగా తగిలిన బీడీ దానంతట అదే పైకి వచ్చినట్టు వచ్చేది. కుడిచేతి రెండు వేళ్ల మధ్య టక్కున విరిగేది. డబ్బాలో పడేది. ఇదంతా అయ్యేలోపు అతని కళ్లు వరసలో తర్వాతి మనిషిని చూస్తుండేవి, నోరు పాటతో కలిసి పాడుతుండేది. పదకొండేళ్ల పని. చెయ్యి తన పని తాను చేసుకుపోయేది, మనిషితో దానికి అవసరం పడేది కాదు.

విచిత్రం ఏమిటంటే, ఆ స్పీకర్‌లో నవత పాడే పాట కూడా తెంపడం గురించే.

*తెంపకు తెంపకు బీడీ మూతి,*
*తెంపితె తెగేది మా అవ్వ రాతిరి...*

నవతది మంచిర్యాల పక్క బొగ్గుబాయి కాలనీ. తండ్రి బొగ్గు తవ్వడానికి బాయిలో దిగేవాడు, తల్లి బీడీలు చేసేది. నవత పెళ్లిళ్లలో పాడి, తర్వాత ఫోన్లలో పాడి, ఇప్పుడు ఎక్కడ సభ పెట్టినా జనం ఆమె కోసమే వచ్చేంత పేరు తెచ్చుకుంది. వచ్చిన పేరునంతా బీడీ ఆడవాళ్ల వెంట తిప్పుతున్నది. కార్ఖానాల్లో అడ్డగోలుగా బీడీలు తెంపడం ఆపాలని ఊరూరా తిరిగి పాడుతున్నది. ఆమె పెట్టిన ప్రతి వీడియో కింద హనుమండ్లు కామెంటు ఉండేది: 'అక్కా మీ గొంతు మా కష్టం.' ఒకసారి ఆమె దానికి దండం బొమ్మ పెట్టింది. ఆ బొమ్మను అతను ఊళ్లో సగం మందికి చూపించాడు. మిగతా సగం మంది అడగలేదు కాబట్టి ఊరుకున్నాడు.

పాటకూ తన వేళ్లకూ ఏదన్నా సంబంధం ఉందేమో అని అతనికి ఒక్కనాడూ తట్టలేదు. తెంపేవాళ్లు అంటే ఎక్కడో పెద్ద కంపెనీవాళ్లు. తను మనవాడు.

ఆ శనివారం వరసలో బాలవ్వ వచ్చింది. ఆమె హనుమండ్లు తల్లితో ఒకే గడపలో కూర్చుని బీడీలు చేసిన మనిషి. తల్లి కూలికి పోయిన రోజుల్లో ఇతనికి అన్నం పెట్టింది ఆమే. అందుకే చిన్నవ్వా అంటాడు. పోయిన వానకాలం జ్వరమొచ్చి కీళ్లు పట్టేసినప్పటి నుంచి ఆమె వేళ్లు పూర్తిగా వంగడం లేదు. ఆకు కత్తిరించడం వరకు బాగానే ఉంటుంది. తంబాకు పోసి చుట్టడమూ పరవాలేదు. మూతి మడిచి గోటితో లోపలికి నొక్కేటప్పుడు మాత్రం వేలు వణుకుతుంది. నొక్కుడు పడక మూతి మెత్తగా ఉండిపోతుంది.

ఆమె కట్టలకు ఎర్రదారం. ఆ ఊళ్లో అదొక అలవాటు. చాటలు తారుమారు కాకుండా ఒక్కొక్కరు ఒక్కో రంగు దారం కడతారు. దారం చూస్తే కట్ట ఎవరిదో ఆడవాళ్లందరికీ తెలుస్తుంది, హనుమండ్లుకూ తెలుస్తుంది. లోపలి గదిలో ఫ్యాన్ కింద కూర్చుని, కంపెనీకి బీడీలు చేయించి పంపే టేకేదారు విజయేందర్‌కు మాత్రం తెలియదు. అతను దుబాయిలో నాలుగేళ్లు ఉండి వచ్చి, తండ్రి పోయాక కార్ఖానా పట్టుకున్నాడు. అతని దృష్టిలో బీడీ అంటే పెట్టెలో పడి లారీ ఎక్కేది.

అంతకు రెండు వారాల ముందు విజయేందర్ లోపలికి పిలిచి చెప్పాడు. కంపెనీ ఆకు తగ్గించింది, కొందరి పని కార్డులు పోవాలి. మనం తీసేసినట్టు ఉండొద్దు, వాళ్ల బీడీలే బాగా లేవన్నట్టు ఉండాలి. వరసగా మూడుసార్లు సగం కంటే ఎక్కువ బీడీలు పోతే కార్డు ఆగిపోతుందన్న రూల్ ఎట్లాగూ ఉంది. ముసలోళ్ల కట్టలు జర గట్టిగా చూడు. హనుమండ్లు తల ఊపి బయటికొచ్చి గట్టిగానే చూశాడు. బాలవ్వకు ఆ శనివారంతో రెండుసార్లు అయింది. కార్డు ఆగితే ఆకు ఇవ్వరు. ఆకు లేకపోతే ఆమెకు వేరే పని చేతకాదు, ఆ వయసులో ఇచ్చేవాళ్లూ లేరు.

"మల్ల సోమారం ఒక్కటే ఉన్నది చిన్నవ్వా," అన్నాడు ఆమె కట్టలు తెంపుతూనే. "గప్పుడు బాగ తేవాలె."

"తెస్త బిడ్డా," అని బాలవ్వ ఖాళీ చాట ఎత్తుకుని పోయింది. నవత పాట నడుస్తూనే ఉంది. హనుమండ్లు రెండో చరణం అందుకున్నాడు.

ఆ మధ్యాహ్నం బీడీ ఆడవాళ్ల సంఘం నాయకురాలు జ్యోతిరాణి కార్ఖానాకు వచ్చింది. ఆదివారం సాయంత్రం బడి మైదానంలో సభ, నవత వస్తున్నది, శాలువా కప్పడానికి స్టేజీ మీదికి నువ్వు రా అని పిలిచింది. కార్ఖానాలో పనిచేసే మగవాడు స్టేజీ ఎక్కితే సంఘానికి బలం అని ఆమె లెక్క. హనుమండ్లుకు ఆ లెక్కలతో పని లేదు. నవత పక్కన నిలబడడం ఒక్కటే చెవికెక్కింది. విజయేందర్‌తో మాత్రం, ఊరికే శాలువా కప్పి దిగిపోతానని ముందే చెప్పి పెట్టుకున్నాడు. సాయంత్రం బజారుకు పోయి కొత్త తెల్ల చొక్కా కొనుక్కున్నాడు.

ఇంటి దగ్గర భార్య సరోజన గడపలో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చేస్తున్నది. ఆమె కట్టలకు పచ్చదారం. చొక్కా చూపిస్తే తలెత్తి చూసి, బాగుంది అని మళ్లీ దించుకుంది. బాలవ్వకు ఈసారి కూడా పోయినయట కదా అని మాత్రం అడిగింది. మూతులు మెత్తగా ఉంటే నేనేం చెయ్యాలె అన్నాడు హనుమండ్లు. ఆమె ఆకు తిప్పింది, తంబాకు పోసింది, చుట్టింది, మూతి నొక్కింది.

ఆదివారం సభకు చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లంతా ఆటోల్లో వచ్చారు. మైదానం నిండింది. నవత ఫోన్‌లో కనిపించే దానికంటే పొట్టిగా, నల్లగా, మామూలు మనిషిలా ఉంది. కారు దిగగానే ముందు వరసలో కూర్చున్న ముసలివాళ్ల చేతులు ఒక్కొక్కటే పట్టుకుని చూసి, ఆ తర్వాతే స్టేజీ ఎక్కింది. హనుమండ్లు శాలువా మడత పాడవకుండా రెండు చేతుల మీద పట్టుకుని నిలబడ్డాడు. నేనే అక్కా, కామెంట్లు పెడ్తుంట అన్నాడు. ఆమె పేరు గుర్తుపట్టి నవ్వింది. ఏం పని చేస్తవన్నా అని అడిగింది.

"కార్ఖానాల పనిచేస్తనక్కా," అన్నాడు.

అది అబద్ధం కాదు. నిజమూ కాదు. ఆమె మైకు దగ్గరికి పోయి, మా అన్న కూడా బీడీ కష్టం తెలిసినోడే అని అతన్ని చూపించింది. చప్పట్లు కొట్టారు. ముందు వరసలో కొందరు చప్పట్లు కొట్టకుండా ఒకరి మొఖం ఒకరు చూసుకున్నారు. అది హనుమండ్లుకు కనిపించింది. చెప్పాలంటే అప్పుడే చెప్పాలి. కానీ చప్పట్లు చాలా తియ్యగా ఉన్నాయి.

నవత తన తల్లి గురించి చెప్పడం మొదలుపెట్టింది. బడి నుంచి రాగానే తల్లి పక్కన కూర్చుని మూతులు నొక్కేదాన్నని, గోరు అరిగిపోయి అన్నం కలిపితే మండేదని చెప్పింది. ఒక చాట ఇయ్యుర్రమ్మా, నాకు ఇంక వస్తదో లేదో చూస్త అని నవ్వుతూ అడిగింది. ఎవరో చాట అందించారు. ఆమె స్టేజీ అంచున కాళ్లు కిందికి వేసి కూర్చుంది. మైకు జ్యోతిరాణి పట్టుకుంది. నవత పాడుతూ ఆకు తిప్పింది, తంబాకు పోసింది, చుట్టింది. ఆడవాళ్లు లేచి నిలబడి చూశారు. పాట అయ్యేసరికి ఐదు బీడీలు అయ్యాయి. ఆ ఐదింటినీ దారంతో కట్టి, వెనక్కి తిరిగి, హనుమండ్లుకు అందించింది.

"చూడన్నా. మర్చిపోయిన్నా?"

అతను శాలువాను ఎడమ భుజం మీద వేసుకుని కట్ట తీసుకున్నాడు. ఆమె మొఖాన్నే చూస్తున్నాడు. అంత దగ్గరగా ఆమె నవ్వడం చూసి మనసు ఎక్కడో ఉంది. బొటనవేలు మూతులను నిమిరింది. టక్కున ఒకటి విరిగింది. టక్కున రెండోది విరిగింది. రెండూ అతని కాళ్ల దగ్గర, డబ్బా ఉండాల్సిన చోట పడ్డాయి.

మైకు ఆ చప్పుడును మైదానమంతా వినిపించింది.

హనుమండ్లు తన చేతిని చూసుకున్నాడు. చేతిలో మూడు బీడీలు మిగిలి ఉన్నాయి. నవత కింద పడ్డ రెండింటినీ చూసింది, అతని వేళ్లను చూసింది, ముందు వరసలోని మొఖాలను చూసింది. ఎవరూ చెప్పాల్సిన పని లేదు. ఆమె నవ్వు ఒక్కసారిగా పోలేదు, మెల్లగా పోయింది. అతనికి ఆ మెల్లగా పోవడమే నరకమైంది. అందరూ ఒకేసారి తిట్టినా బాగుండేది. వెనక నుంచి చెప్పు విసిరినా బాగుండేది.

ముందు వరసలోంచి బాలవ్వ లేచింది.

"ఏం అనుకోకు బిడ్డా," అంది నవతతో. "గాయిన చేతి అలవాటు. కావాలని చెయ్యలే. మంచి పోరడే."

ఆమె అతన్ని కాపాడాలనే అంది. నిజంగానే అంది, అందులో ఎకసెక్కం ఏమీ లేదు. హనుమండ్లు కొత్త చొక్కా వీపుకు అతుక్కుపోయింది. నవత వంగి ఆ రెండు బీడీలను ఏరుకుని తన సంచిలో వేసుకుంది.  జ్యోతిరాణి వచ్చి అతని భుజం మీది శాలువా తీసుకుని తానే నవతకు కప్పింది. దిగిపో అని అతనికి ఎవరూ చెప్పలేదు, ఉండు అని కూడా చెప్పలేదు. తర్వాతి పాట మొత్తం అతను అక్కడే, ఖాళీ చేతులతో, ఎటు చూడాలో తెలియక మైకు తీగను చూస్తూ నిలబడ్డాడు.

ఇంటికి వచ్చేసరికి సరోజన ముందే వచ్చి పొయ్యి ముట్టించింది. అతను చొక్కా విప్పి మంచం మీద పడేసి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. సభలో ఆమె కూడా ఉంది. ఏమన్నా అంటే బాగుండునని కాసేపు, ఏమీ అనకపోతే బాగుండునని కాసేపు అనుకున్నాడు. ఆమె కూర కలియబెడుతూ, వెనక్కి తిరగకుండానే అడిగింది.

"నా కట్టలు నువ్వు ఎన్నడన్న చూసినవా?"

"నీవి బాగుంటయ్."

"చూడకుంటనే ఎట్ల తెలిసింది?"

 పదకొండేళ్లలో పచ్చదారం కట్ట కనిపిస్తే చెయ్యి దాన్ని తాకీ తాకకుండా మంచివాటిలోకి తోసేది. దాని సంగతి ఎవరూ అడగలేదు. ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరికీ తెలియదనుకున్నాడు. వరసలో నిలబడే ప్రతి ఆడమనిషికీ దారాల రంగులు తెలుసని, అందరూ రోజూ చూస్తూనే ఉన్నారని అప్పుడు, పొయ్యి పొగలో కూర్చుని, అతనికి అర్థమైంది. 

సోమవారం షట్టర్ ఎత్తాడు. అగరుబత్తి ముట్టించాడు. స్పీకర్ వైపు చూసి, దాన్ని తీసి బల్ల కింద పెట్టాడు. ఆడవాళ్లు వచ్చి వరస కట్టారు. మామూలుగా గలగలా మాట్లాడేవాళ్లు ఆ రోజు తక్కువ మాట్లాడారు. అతను తల ఎత్తలేదు. కట్టలు వస్తుంటే చూస్తున్నాడు. బొటనవేలును కావాలని ఆపి, ఒక్కొక్క మూతీ కళ్లతో చూస్తున్నాడు. పని నత్తలా నడిచింది.

బాలవ్వ వచ్చి చాట బల్ల మీద పెట్టి గుడ్డ తీసింది. ఎర్రదారం కట్టలు.

"మెత్తగున్నయన్ని ఇప్పి మల్ల చుట్టిన బిడ్డా," అంది మెల్లగా. "నిన్న అంతమంది ముందట నీకు మొఖం లేకుంట అయింది. ఇయ్యాల నా తోని నీకు తిప్పలు ఎందుకని."

ఆమె బొటనవేలి గోటి చుట్టూ గుడ్డపేలిక చుట్టి ఉంది. హనుమండ్లు కట్ట తీసుకున్నాడు. మూతులు గట్టిగా ఉన్నాయి. నొక్కి నొక్కి ఆకు నలిగిన గీతలు కూడా కనిపిస్తున్నాయి. బాగున్నయి అని రాసెయ్యడానికి కార్డు మీదికి వంగబోతుంటే లోపలి గది తలుపు చప్పుడైంది. విజయేందర్ ఆ రోజు తానే వచ్చాడు. బాలవ్వ కార్డు సంగతి ఇవ్వాళ తేలాలని అతనికి గుర్తుంది. నిన్నటి సభ సంగతీ తెలిసినట్టే ఉంది. హనుమండ్లును అదోలా చూశాడు.

"చూసినవా? ఎన్ని పోయినయ్?"

హనుమండ్లు నోరు తెరిచాడు. ఒక్కటి కూడా పోలేదు అనాలి. అది అనడానికి ఊపిరి కావాలి. అంతలో వరసలో వెనక ఉన్న సరోజన ముందుకొచ్చి తన చాటలోంచి ఒక కట్ట తీసి, బాలవ్వ కట్ట పక్కన పెట్టింది.

"ఒకటి నాది, ఒకటి బాలవ్వది సేటూ," అంది. "ఇయ్యాల మీరే చూడుర్రి. ఆయినదైతే చేతి అలవాటాయె."

వరసలో ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. విజయేందర్ వెనక్కి పోవడానికి లేదు. బీడీ కార్ఖానా పెట్టుకున్నవాడు బీడీ చూడలేను అనగలడా? బల్ల దగ్గరికి వచ్చాడు. హనుమండ్లు చేసినట్టే కట్టను ఎడమ చేతిలోకి తీసుకుని బొటనవేలితో నిమిరాడు. ముందు ఎర్రదారం కట్ట చూసి, తృప్తిగా తల ఊపి, మంచివాటిలో పెట్టాడు. తర్వాత పచ్చదారం కట్ట పట్టుకుని నిమిరి మొఖం చిట్లించాడు.

"గిదే ముసల్దాని పని. చేతికే తెలుస్తది," అన్నాడు. ఒక బీడీ లాగి టక్కున తెంపాడు. ఇంకొకటి తెంపాడు. మరొకటి. "ఎన్నిసార్లు చెప్పాలె గీమెకు. ఇగ రాసెయ్ కార్డు మీద."

 చిన్నపిల్లకు కూడా తెలిసిన రంగు అది. విజయేందర్ ఒక్కడికే తెలియదు. అందరూ హనుమండ్లునే చూస్తున్నారు. సరోజన కూడా చూస్తున్నది. ఆమె మొఖంలో కోపం లేదు, ఎదురుచూడడం ఒక్కటే ఉంది. పెన్ను అతని చేతిలో ఉంది. ఊరుకుంటే ఊరుకోవచ్చు. ఊరుకోవడం కూడా అతని చేతికి బాగా అలవాటైన పనే.

"అది నా ఇంటిది సార్," అన్నాడు హనుమండ్లు.  "పచ్చదారం సరోజనది. మీరు బాగున్నదని పక్కకు పెట్టింది బాలవ్వది."

విజయేందర్ తన చేతిలోని కట్టను చూశాడు. మంచివాటిలో ఉన్న ఎర్రదారం కట్టను చూశాడు.

"మరి గీమెయి మెత్తగున్నయి గదా. ఇన్నేండ్లు నువ్వు ఏం చూస్తున్నవ్?"

"చూడలే సార్," అన్నాడు హనుమండ్లు. "మా ఇంటియి నేను ఎన్నడు చూడలే. వీళ్లవే చూసిన."

ఆ మాట అతను విజయేందర్‌కు చెప్పలేదు. కిటికీ అవతల వరసకు చెప్పాడు. వాళ్లలో ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఒక్కరు కూడా అవునా అన్నట్టు చూడలేదు. అది చెప్పే ముందు కంటే చెప్పాక అతనికి ఎక్కువ సిగ్గేసింది. ఇన్నాళ్లు దాచుకున్నది ఏమిటో, ఎవరి నుంచి దాచుకున్నాడో తెలియక తల వంచుకున్నాడు.

విజయేందర్ జేబులో ఫోన్ మోగింది, లేకపోతే మోగినట్టు నటించాడు. దాన్ని చెవి దగ్గర పెట్టుకుని లోపలి గదిలోకి పోయాడు. పోతూ పోతూ, గీ వారానికి ఉండనీ అన్నాడు. ఆ మాట కార్డు గురించో, హనుమండ్లు ఉద్యోగం గురించో చెప్పలేదు. హనుమండ్లు కార్డు మీద 'బాగున్నవి' అని రాసి, మళ్లీసారికి ఆకు తూచి ఇచ్చాడు. ఆసిఫాబాద్ అడవి ఆకు, మెత్తటిది, వణికే వేలికి కూడా వంగేది, ఆకు కట్ట అడుగు నుంచి ఏరి ఇచ్చాడు. సరోజన కిటికీలోంచి వంగి తన తెగిన మూడు బీడీలను తానే డబ్బాలో వేసింది. అతని వైపు చూడకుండా వెళ్లి వరసలో తన జాగాలో నిలబడింది.

బాలవ్వ కార్డును జాకెట్లో దోపుకుంది. ఆకు చాటలో సర్దుకుంది. పోబోతూ కిటికీ దగ్గర ఆగి, ఖాళీగా ఉన్న స్పీకర్ జాగాను చూసింది.

"ఇయ్యాల గా పిల్ల పాట పెట్టలేదేంది బిడ్డా? మంచిగుంటది గద, పెట్టు."

"ఛార్జింగ్ లేదు చిన్నవ్వా," అన్నాడు హనుమండ్లు.

బల్ల కింద ఉన్న స్పీకర్‌కు నిండా ఛార్జింగ్ ఉంది. ఆమె సరే అని, చాట నడుముకు ఆనించుకుని ఎండలోకి నడిచింది. ఆ పాటే మెల్లగా పాడుకుంటూ పోయింది.